మబ్బును కొలిచే చదువు

వాతావరణ శాస్త్రం గాలిని గురించిన భౌతిక శాస్త్రం. భూమిని చుట్టుకుని ఉన్న గాలి ఎక్కడ వేడెక్కుతుంది, ఎటు కదులుతుంది, ఎంత తేమను మోసుకుపోతుంది, ఆ తేమ ఎప్పుడు ఎక్కడ వానగా దిగుతుంది అన్నవి ఈ శాస్త్రం అడిగే ప్రశ్నలు. మబ్బులు, ఉరుములు, వడగళ్లు, తుపానులు దాదాపు అన్నీ గాలి పొరల్లో అట్టడుగున ఉన్న ట్రోపోస్ఫియర్‌లోనే పుడతాయి. ఉష్ణమండలంలో దాని మందం సుమారు 16 కిలోమీటర్లు. భూమి వ్యాసం దాదాపు 12,700 కిలోమీటర్లు. ఈ లెక్కన భూమిని ఉల్లిగడ్డ అనుకుంటే, మన వానా ఎండా అంతా దాని పైనుండే ఎండు పొరలో జరిగే వ్యవహారం.

రోజూ వినే రెండు మాటలకు ఈ శాస్త్రంలో వేర్వేరు అర్థాలున్నాయి. ఈ మధ్యాహ్నం విజయవాడలో ఎండ ఎంత కాసింది, సాయంత్రం గాలివాన వచ్చిందా లేదా అన్నది వాతావరణం. మే నెలలో విజయవాడ మామూలుగా ఎలా ఉంటుందన్నది శీతోష్ణస్థితి. ఆ ‘మామూలు’కు కూడా లెక్క ఉంది. 30 ఏళ్ల కొలతల సగటునే మామూలుగా తీసుకుంటారు. ‘సాధారణం కంటే 3 డిగ్రీలు ఎక్కువ’ అని వార్తల్లో వచ్చినప్పుడు ఆ సాధారణం వెనక 30 ఏళ్లపాటు రోజూ తప్పకుండా రాసిపెట్టిన అంకెలుంటాయి.

కార్తెల నుంచి కొలతల దాకా

తెలుగు రైతుకు వానల లెక్క కొత్తది కాదు. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలను దాటే ప్రయాణాన్ని 27 కార్తెలుగా విభజించి, ఒక్కో కార్తెకు పదమూడు పద్నాలుగు రోజులు కేటాయించారు. రోహిణి కార్తెలో ఎండలు మండుతాయి, మృగశిర కార్తెతో తొలకరి మొదలవుతుంది. తరతరాల అనుభవం నుంచి వచ్చిన ఈ జ్ఞానం సగటున నిజమే. ఏ కాలంలో ఏం జరుగుతుందో కార్తె చెబుతుంది. ఈ ఏడు ఏ రోజున ఏ ఊళ్లో ఎంత కురుస్తుందో చెప్పడం దాని పని కాదు. అది తెలియాలంటే ఒకే సమయంలో వందల చోట్ల గాలిని కొలిచి, ఆ కొలతలన్నిటినీ ఒకచోట చేర్చి చూడాలి.

కొలిచే పరికరాలు ముందే వచ్చాయి. గాలి పీడనాన్ని కొలిచే భారమితిని ఇటలీలో టారిసెల్లి 1643లోనే తయారు చేశాడు. కొలతలను చేరవేసే సాధనం కోసం మరో రెండు వందల ఏళ్లు ఆగాల్సి వచ్చింది. తుపాను కంటే వేగంగా కబురు పంపగల టెలిగ్రాఫ్ వచ్చాకే ముందస్తు హెచ్చరికకు అర్థం ఏర్పడింది. బ్రిటన్‌లో నౌకాదళ అధికారి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ 1861లో పత్రికల ద్వారా ప్రజలకు వాతావరణ సూచనలు ఇవ్వడం మొదలుపెట్టాడు.

మన దేశంలో మద్రాసు వేధశాలలో 1796 నుంచే వాతావరణ పరిశీలనలు నమోదయ్యాయి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా వేధశాల కట్టించుకున్నాడు. అయితే దేశానికంతటికీ ఒక శాఖ అవసరమని గుర్తించడానికి వరుసగా విపత్తులు రావాల్సి వచ్చింది. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచెత్తింది. నెల తిరగకుండానే నవంబరు 1న మరో తుపాను మచిలీపట్నాన్ని ఉప్పెనలో ముంచింది. ఆ ఒక్క రాత్రి దాదాపు 30 వేల మంది చనిపోయారు. ఆ వెంట 1866లోనూ 1871లోనూ రుతుపవనాలు మొహం చాటేశాయి. చివరకు 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి. 2025తో ఆ శాఖకు 150 ఏళ్లు నిండాయి.

1904లో ఈ శాఖ పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రవేత్త. రుతుపవనాలు కొన్నేళ్లు ఎందుకు ముఖం చాటేస్తాయో తేల్చడానికి ఆయన ప్రపంచం నలుమూలల పీడనాల లెక్కలు తెప్పించి పోల్చి చూశాడు. పసిఫిక్ మహాసముద్రం తూర్పు భాగంలో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోందనీ, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోందనీ బయటపడింది. తక్కెడలా ఊగే ఈ తీరుకు దక్షిణ డోలనం అని పేరు. పసిఫిక్ తూర్పు జలాలు మామూలు కంటే వేడెక్కే ఎల్‌నినో వస్తే వానలు తగ్గవచ్చని నేడు రైతులు కూడా మాట్లాడుకుంటున్నారంటే దానికి మూలం ఈ పరిశోధనే.

ఉదయం 8.30

వాతావరణ కేంద్రం ఆవరణలో మొదట కంటపడేది కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్క పెట్టె. నాలుగు వైపులా కిటికీ రెక్కల్లా వాలుగా పేర్చిన పలకలుంటాయి. గాలి ఆడుతుంది, ఎండ మాత్రం లోపలికి పడదు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, తెరిచినప్పుడు సూర్యకాంతి నేరుగా తగలకుండా. లోపల నాలుగు ఉష్ణమాపకాలుంటాయి. ఒకటి అప్పటి వేడిని, ఒకటి రోజులో గరిష్ఠాన్ని, మరొకటి కనిష్ఠాన్ని చూపిస్తాయి. నాలుగో దాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఉంటుంది.

ఆ తడి గుడ్డ చేసే పని మట్టికుండ చేసేదే. కుండ గోడల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. పొడి గాలి వీచే రోజున నీళ్లు బాగా చల్లబడతాయి, ఉక్కపోతగా ఉన్న రోజున అంతగా చల్లబడవు. తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం కూడా పొడి గాలిలో బాగా కిందికి దిగుతుంది. పొడి ఉష్ణమాపకానికీ దీనికీ ఉన్న తేడాను బట్టి గాలిలో తేమ శాతం లెక్కగడతారు.

పక్కనే వానమాపకం ఉంటుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఒక సెంటీమీటరు వాన పడితే ఎకరం పొలంలో దాదాపు 40 వేల లీటర్లు పడినట్టు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. ఒక్క రోజులో ఒక్కో ఎకరం మీద 26 లక్షల లీటర్లు గుమ్మరించిందన్న మాట. ఆ కుంభవృష్టి తీవ్రత ఇలా లెక్క వేస్తేనే అర్థమవుతుంది.

‘నిన్న ఉదయం 8.30 నుంచి ఈ ఉదయం 8.30 వరకు’ అని వర్షపాతాన్ని చెప్పడం అందరూ వినే ఉంటారు. ఆ సమయాన్నే ఎంచుకోవడానికి కారణముంది. ప్రపంచ దేశాలన్నీ గ్రీనిచ్ కాలమానం ప్రకారం ఒకేసారి కొలతలు తీస్తాయి. అక్కడ తెల్లవారుజామున 3 గంటలైనప్పుడు ఇక్కడ ఉదయం 8.30. ఆ క్షణంలో విశాఖపట్నంలోనూ బ్యాంకాక్‌లోనూ నైరోబీలోనూ పరిశీలకులు అవే కొలతలు తీసి రాసుకుంటారు. దేశాలు ఏ విషయంలో కొట్లాడుకుంటున్నా ఈ కొలతలను మాత్రం పంచుకుంటాయి. ఈ పనిని సమన్వయం చేసే ప్రపంచ వాతావరణ సంస్థ 1950 మార్చి 23న ఏర్పడింది. ఏటా ఆ రోజునే ప్రపంచ వాతావరణ దినం జరుపుకుంటారు.

ఆకాశంలో మబ్బు ఎంత ఉందో చెప్పడానికి మాత్రం నేటికీ చాలాచోట్ల కన్నే పరికరం. ఆకాశాన్ని ఎనిమిది భాగాలనుకుని, అందులో ఎన్ని భాగాలు మబ్బు కప్పిందో పరిశీలకుడు రాస్తాడు. మబ్బు రకాన్ని కూడా గుర్తిస్తాడు. పింజలు పరిచినట్టు కనిపించేది ఒకటి, గోపురంలా లేచి పైన దాగలి ఆకారంలో పరుచుకునే ఉరుముల మబ్బు మరొకటి.

పైపైకి వెళ్లే చూపు

నేల మీద తీసిన కొలతలు సరిపోవు. వాన తయారయ్యేది పైన. అందుకే రోజుకు రెండుసార్లు, మన గడియారం ప్రకారం తెల్లవారుజామునా సాయంత్రమూ 5.30 ప్రాంతంలో, ప్రపంచమంతటా వందల కేంద్రాల నుంచి బెలూన్లు ఎగరేస్తారు. హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం ఈ జాబితాలో ఉన్నవే. బెలూన్‌కు కట్టిన చిన్న పెట్టె పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం ఎంతో రేడియో ద్వారా కిందికి పంపుతుంది. అది గాలికి ఎటు కొట్టుకుపోతోందో చూసి ఆ ఎత్తులో గాలి వేగాన్నీ దిక్కునూ తెలుసుకుంటారు. పైన పీడనం తగ్గేకొద్దీ బెలూన్ ఉబ్బిపోతుంది. దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున పగిలిపోతుంది.

ఇలాంటి పై గాలుల కొలతల నుంచే ఒక తెలుగు శాస్త్రవేత్త ముఖ్యమైన సంగతి పట్టుకున్నాడు. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు గాలి నదిలా ప్రవహిస్తోందనీ, దాని వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుందనీ పంచేటి కోటేశ్వరం 1950లలో వెల్లడించారు. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అని దానికి పేరు. నైరుతి రుతుపవనాల బలానికీ ఈ ప్రవాహానికీ సంబంధం ఉంది. తర్వాతి కాలంలో ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఇదే శాఖలో అన్నా మణి పరికరాల తయారీ మీద దశాబ్దాలపాటు పనిచేశారు. విదేశాల నుంచి కొనుక్కోవాల్సిన కొలత సాధనాలు ఇక్కడే తయారయ్యేలా చేసి, దేశంలో సౌరశక్తి కొలతలకు పునాది వేసిన శాస్త్రవేత్త ఆమె.

బెలూన్ తర్వాత రాడార్. రాడార్ పంపిన తరంగాలు వాన చినుకులకు తగిలి తిరిగొస్తాయి. ఎంత బలంగా తిరిగొచ్చాయో చూస్తే వాన ఎంత జోరుగా ఉందో తెలుస్తుంది. డాప్లర్ రాడార్ మరో సంగతి కూడా చెబుతుంది. దగ్గరికి వచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యే రైలు కూత బొంగురుగా వినిపించినట్టే, తిరిగొచ్చే తరంగంలో మార్పును బట్టి ఆ చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది తేలుతుంది. మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో ఇలాంటివి ఉన్నాయి. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ వేరే తరహా. మైదానంలో నాటిన 1,024 యాంటెన్నాలతో అది మబ్బు లేని ఆకాశంలో కూడా గాలి కదలికలను పసిగడుతుంది. వాతావరణ పరిశోధన కోసమే దాన్ని నిర్మించారు.

అన్నిటికంటే పైనుంచి ఉపగ్రహాలు చూస్తుంటాయి. వాతావరణ పరిశీలన కోసం ఉద్దేశించిన ఇన్‌శాట్-3డీఎస్‌ను 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరిగే ఇలాంటి ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీద ఎప్పుడూ ఒకే చోట నిలిచినట్టుంటుంది. పడవ కూడా లేని నడిసముద్రంలో మబ్బు సుడి తిరగడం మొదలుపెడితే మొదట దాని కంటనే పడుతుంది.

గాలిని సమీకరణాల్లో పెట్టడం

గాలి కదలికకు నియమాలున్నాయి. అవి న్యూటన్ సూత్రాలూ ఉష్ణగతిక శాస్త్ర సూత్రాలూ. ఇప్పుడు గాలి ఎలా ఉందో తెలిస్తే తర్వాత ఎలా ఉంటుందో లెక్కగట్టవచ్చు కదా అన్న ఆలోచన 1904లో నార్వే శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్‌ది. దాన్ని చేసి చూసినవాడు ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, ఆరు గంటల వాతావరణాన్ని చేత్తో లెక్కకట్టాడు. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరుగుతుందని లెక్క తేలింది. వాస్తవంలో అది జరగని పని. ఆ తప్పును దాచుకోకుండా 1922లో పుస్తకంగా అచ్చు వేశాడు. పద్ధతి సరైనదే. మొదట తీసుకున్న అంకెల్లోని చిన్న లోపాలు లెక్కలో పెరిగిపోయాయి. 1950లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్ మీద ఆ పద్ధతి ఫలించింది. అప్పట్లో 24 గంటల అంచనా వేయడానికి దాదాపు 24 గంటలే పట్టింది.

నేటి సూపర్ కంప్యూటర్లు భూగోళాన్ని గళ్లుగా కోసి, ఒక్కో గడిలో గాలి, వేడి, తేమ ఎలా మారుతాయో నిమిషాల అంతరంతో లెక్కిస్తాయి. భారత వాతావరణ శాఖ చాలాకాలం వాడిన నమూనాలో ఒక గడి వెడల్పు 12 కిలోమీటర్లు, అంటే ఒక చిన్న మండలమంత. 2025 మేలో ప్రారంభించిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’లో అది 6 కిలోమీటర్లకు తగ్గింది. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ దీన్ని రూపొందించింది. గడి చిన్నదయ్యేకొద్దీ స్థానిక వివరం పెరుగుతుంది. అయినా ఉరుముల మబ్బు వెడల్పు కొద్ది కిలోమీటర్లే, దాని ఆయువు చాలాసార్లు గంటకు మించదు. మన వీధిలో చినుకు లేకుండా పక్క వీధి తడిసిపోవడానికి కారణం అదే. అలాంటి మబ్బు గురించి రెండు మూడు గంటల కంటే ముందుగా కచ్చితమైన మాట చెప్పడం కష్టం.

అంచనాకు ఇంకో హద్దు కూడా ఉంది. 1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్‌లో ఒక లెక్కను మళ్లీ వేస్తూ, 0.506127 అన్న అంకెను 0.506గా కుదించాడు. అంత చిన్న తేడాకే ఫలితం కొంతసేపటికి పూర్తిగా వేరైపోయింది. వాతావరణ కేంద్రాల్లోని ఉష్ణమాపకాలు అంత సూక్ష్మంగా కొలవలేవు. అందుకే రెండు వారాలకు మించి ఫలానా రోజు ఫలానా చోట వాన అని చెప్పడం సాధ్యం కాదు. దీనికి విరుగుడుగా నేడు ఒకే లెక్కను మొదటి అంకెలు కాస్త కాస్త మార్చి పదులసార్లు వేస్తారు. అన్నీ ఒకే దారి చూపిస్తే నమ్మకం పెరుగుతుంది. తలోదారి పడితే ఆ మాటే ప్రజలకు చెప్పాలి.

అంకె మాటగా మారేచోట

కంప్యూటర్ ఇచ్చింది ఇచ్చినట్టు బులెటిన్‌లో పెట్టరు. అంచనా వేసే శాస్త్రవేత్త వేర్వేరు నమూనాల ఫలితాలను పక్కపక్కన పెడతాడు, ఉపగ్రహ చిత్రాలతోనూ రాడార్‌తోనూ సరిచూస్తాడు. ఏ నమూనా వర్షాన్ని ఎక్కువ చేసి చూపిస్తుందో, ఏది తూర్పు కనుమల ప్రభావాన్ని సరిగా పట్టుకోలేదో అతనికి అనుభవంతో తెలుస్తుంది. ఆ తర్వాతి పని మాటలు ఎంచుకోవడం.

వినడానికి మామూలుగా ఉండే ఆ మాటలకు కొలతలున్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో 25 శాతం వరకు వాన పడవచ్చని. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం, ‘అనేక చోట్ల’ అంటే 51 నుంచి 75 శాతం. అంతకు మించితే ‘దాదాపు అన్ని చోట్ల’. ‘భారీ వర్షం’ అన్నది కూడా అలాంటి కొలత మాటే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 మిల్లీమీటర్లు మించితే అత్యంత భారీ. రంగుల లెక్కా ఇంతే. పసుపు కనిపెట్టుకుని ఉండమంటుంది, నారింజ సిద్ధం కమ్మంటుంది, ఎరుపు వెంటనే చర్యకు దిగమంటుంది.

ఈ ఉద్యోగంలో రెండు రకాల తప్పులున్నాయి. రాని ముప్పును వస్తుందనడం ఒకటి, వచ్చే ముప్పును చెప్పలేకపోవడం మరొకటి. మొదటిది తరచు జరిగితే జనం హెచ్చరికలను లెక్కచేయరు. రెండోది ఒక్కసారి జరిగినా ప్రాణాలు పోతాయి. ఈ రెంటి మధ్య తూకం వేసి సంతకం పెట్టాల్సింది మనిషే.

తుపాను వస్తే

ఆ తూకం ఎంత బరువైనదో బంగాళాఖాతం చూపిస్తుంది. సముద్రం పైపొర 26.5 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు, అక్కడి తేమ గాలి పైకి లేచి, చుట్టుపక్కల గాలి ఆ ఖాళీలోకి దూసుకొస్తుంది. భూభ్రమణం వల్ల అది ఉత్తరార్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. గాలి వేగాన్ని బట్టే దానికి పేరు. గంటకు 31 కిలోమీటర్ల లోపు అల్పపీడనం, 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుపాను. 222 కిలోమీటర్లకు చేరితే సూపర్ సైక్లోన్. తుపాను స్థాయికి వచ్చాకే దానికి సొంత పేరు పెడతారు. హిందూ మహాసముద్రం ఉత్తర భాగానికి 13 దేశాలు ముందే ఇచ్చిన జాబితా నుంచి వరుసగా పేర్లు తీస్తారు. 2014లో విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్‌కు ఆ పేరు ఒమన్ ఇచ్చింది.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలకూ ఒక భాష ఉంది. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న ముప్పును సూచిస్తాయి. 3, 4 ఆ రేవుకే వాతావరణం చెడిపోవచ్చని చెబుతాయి. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం. 10వ నంబరు ఎగిరిందంటే తీవ్ర తుపాను ఆ రేవు మీదుగా గానీ మరీ దగ్గరగా గానీ దాటనుందని. 11వది అన్నిటికంటే భయపెట్టేది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయన్నది దాని అర్థం.

తుపానులో ఎక్కువ ప్రాణాలు తీసేది ఉప్పెన. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రమట్టం ఒక సెంటీమీటరు లేస్తుంది. ఆ లెక్కన పెద్ద తుపానులో లేచేది ముప్పావు మీటరో మీటరో. మిగతాదంతా గాలి తోసుకొచ్చిన నీరు. తీరం దగ్గర లోతు తక్కువైతే ఆ నీరు పోగై గోడలా లేస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన ఎత్తు 5 మీటర్ల దాకా ఉంది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. ఆ తర్వాతే తీరమంతా తుపాను ఆశ్రయ భవనాలు, రాడార్లు, హెచ్చరికలను ఊరూరికీ చేర్చే ఏర్పాట్లు బలపడ్డాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలులతో నేరుగా విశాఖపట్నం నగరాన్ని తాకింది. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. తుపాను కన్ను, అంటే దాని నడిభాగం, నగరం మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా తగ్గింది. అలాంటి వేళ తుపాను వెళ్లిపోయిందనుకుని బయటికి వస్తే ప్రమాదం. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్లీ మొదలవుతుంది. ఈ సంగతిని ముందే చెప్పడం కూడా హెచ్చరికలో భాగమే. నగరంలో చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, విమానాశ్రయం ధ్వంసమైంది. ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య మాత్రం పదుల్లోనే ఆగింది. రోజుల ముందే అందిన హెచ్చరిక, దాన్ని నమ్మి జనాన్ని తరలించిన యంత్రాంగం దివిసీమకూ విశాఖకూ ఉన్న ఈ తేడాకు కారణం. తుపాను 24 గంటల తర్వాత ఎక్కడుంటుందన్న అంచనాలో సగటు తప్పు నేడు వంద కిలోమీటర్లలోపే.

పొలం నుంచి రన్‌వే దాకా

తుపాను అప్పుడప్పుడే వస్తుంది. వాతావరణ శాస్త్రవేత్త పని మాత్రం రోజూ ఉంటుంది. ప్రతి మంగళవారం, శుక్రవారం జిల్లాలవారీగా రైతులకు సలహా బులెటిన్లు వెలువడతాయి. కల్లంలో మిరప ఆరబోసిన రైతుకు మరో రెండు రోజుల్లో జల్లులున్నాయన్న కబురు పట్టాలు సిద్ధం చేసుకోవడానికి సరిపోతుంది. మందు పిచికారీ చేసిన గంటకే వాన పడితే ఖర్చంతా నీళ్లపాలే.

విమానాశ్రయంలో ప్రతి అరగంటకూ గాలి, దృశ్యత, మబ్బు ఎత్తు, పీడనం పైలట్లకు అందాలి. విమానంలోని ఎత్తుమాపకం పీడనాన్ని బట్టే పనిచేస్తుంది. కేంద్రం చెప్పిన పీడనంలో ఒక్క హెక్టోపాస్కల్ తప్పు దొర్లినా అది చూపే ఎత్తులో దాదాపు 8 మీటర్ల తేడా వస్తుంది. పొగమంచులో దిగే విమానానికి 8 మీటర్లు చిన్న సంగతి కాదు.

సముద్రం మీద పనిచేసేవారికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, చేపలు దొరికే చోట్లు చెబుతుంది. సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే వెలువడతాయి. వేసవిలో వడగాలుల హెచ్చరిక మరో బాధ్యత. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ఎండదెబ్బకు బలయ్యారు. గాలి, ఉప్పెనల్లా ఎండ కంటికి భయంగా కనిపించదు. అందుకే దాని హెచ్చరికను జనం పట్టించుకునేలా చేయడం మరింత కష్టం. వీటికి తోడు జలాశయాల గేట్లు ఎప్పుడు ఎత్తాలి, రేపు గాలిమరలు, సౌరఫలకాలు ఎంత కరెంటు ఇస్తాయి, పంట బీమా ఎంత చెల్లించాలి అన్న లెక్కలకు కూడా వాతావరణ నిపుణులు కావాలి. ఆ అవసరం కోసం ప్రైవేటు సంస్థలు వీరిని తీసుకుంటున్నాయి.

ఈ చదువు ఎక్కడ, ఎలా

ఈ దారి ఇంటర్మీడియట్‌లో ఎంపీసీతో మొదలవుతుంది. డిగ్రీలో భౌతిక శాస్త్రం, గణితం ఉండాలి. మేఘాల అందం మీద ఇష్టం ఉంటే మంచిదే గానీ, రోజూ ఎదురయ్యేది కలనగణితం. తర్వాత వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ గానీ ఎంటెక్ గానీ చేయాలి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాలకు కలిపి ఉన్న విభాగం దేశంలో పాతవాటిలో ఒకటి. సముద్రపు ఒడ్డునే ఉన్న ఆ విభాగానికి బంగాళాఖాతమే ప్రయోగశాల. కొచ్చిన్ విశ్వవిద్యాలయం, పుణె విశ్వవిద్యాలయం, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఢిల్లీ, ఖరగ్‌పూర్, భువనేశ్వర్ ఐఐటీల్లో కూడా ఈ చదువు, పరిశోధన ఉన్నాయి.

పాఠ్యాంశాల్లో ఉష్ణగతిక శాస్త్రం, గాలి గతిశాస్త్రం, మేఘ భౌతికశాస్త్రం, రుతుపవనాలు, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, కంప్యూటర్ నమూనాలు ఉంటాయి. ఫోర్‌ట్రాన్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు రాక తప్పదు. అయినా విద్యార్థి చేత పెన్సిల్ పట్టించే అభ్యాసం పోలేదు. దేశపటం మీద వందల కేంద్రాల పీడనాలు రాసి, సమాన పీడనం ఉన్న చోట్లను రెండేసి హెక్టోపాస్కల్స్ తేడాతో గీతలుగా కలుపుతారు. గీతలు ఒత్తుగా వచ్చినచోట గాలి జోరు. అవి గుండ్రంగా మూసుకుని, లోపల పీడనం తగ్గినచోట అల్పపీడనం. బులెటిన్‌లో వినే ఆ మాట తన పెన్సిల్ కిందే రూపు కట్టడం అప్పుడు చూస్తాడు.

భారత వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్లను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష ద్వారా తీసుకుంటారు. ఉన్నత విద్య ఉన్నవారు శాస్త్రవేత్తలుగా చేరతారు. ఎంపికైనవారికి పుణెలో శాఖ సొంత శిక్షణ సంస్థ ఉంది. పొరుగు దేశాల వారికి కూడా అక్కడ శిక్షణ ఇస్తారు. వాయుసేనకు, నౌకాదళానికి సొంత వాతావరణ విభాగాలున్నాయి. పరిశోధన వైపు వెళ్లేవారికి పుణె, నోయిడా, గాదంకిలలో పరిశోధన సంస్థలు ఉన్నాయి.

చేరేవారు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పరిశీలన కేంద్రాలు రాత్రింబవళ్లు నడుస్తాయి. సంక్రాంతి అయినా దీపావళి అయినా ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి. ఊరంతా తలుపులేసుకున్న తుపాను రాత్రే వీరికి పని ఎక్కువ. ఒక్క పూట కొలత తప్పినా ఆ గడి చిట్టాలో ఖాళీగానే మిగిలిపోతుంది. నిన్నటి ఉష్ణోగ్రతను ఇవాళ ఎవరూ కొలవలేరు.